ల్యాప్‌టాప్ ఆన్ కావట్లేదా? ప్లగ్గు నుంచి బోర్డు దాకా వరుస తనిఖీ

పవర్ బటన్ నొక్కితే ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఇలా అవగానే చాలామంది "మదర్‌బోర్డు పోయింది" అన్న నిర్ణయానికి వచ్చేస్తారు. అక్కడి నుంచి కొత్త ల్యాప్‌టాప్ లెక్కలు మొదలవుతాయి. తొందరపడకండి. అడాప్టర్ చెడిపోయినా, ర్యామ్ (మెమరీ స్టిక్) తన స్లాట్‌లో వెంట్రుకవాసి కదిలినా, లోపలి కంట్రోలర్ చిప్ బిగుసుకుపోయినా బయటికి కనిపించేది ఇదే నిశ్శబ్దం. బోర్డు మీద అనుమానం అన్నిటికన్నా చివర రావాలి.

కరెంటు ఏ దారిన వస్తుందో ఆ దారినే పట్టుకుని వెళ్లండి. గోడ సాకెట్, అడాప్టర్, చార్జింగ్ జాక్, బ్యాటరీ, పవర్ బటన్, ర్యామ్, ఆ తర్వాతే బోర్డు. ఒక్కో అడుగులో ఒక్కటే మార్చి చూడాలి. చార్జర్ మార్చి, ర్యామ్ తీసి పెట్టి, రీసెట్ కూడా చేసేశాక ల్యాప్‌టాప్ ఆన్ అయితే సంతోషమే గానీ, తప్పు ఎక్కడుందో మాత్రం తేలదు. నాలుగు రోజుల తర్వాత మళ్లీ ఆగిపోతే పని మళ్లీ మొదటికే వస్తుంది.

దీనికి ఒక్కటే మినహాయింపు. ల్యాప్‌టాప్ మీద నీళ్లు గానీ మరే ద్రవం గానీ ఒలికి ఉంటే కింద చెప్పినవేవీ చేయకండి. "ఒక్కసారి ఆన్ అవుతుందేమో చూద్దాం" అనుకుని బటన్ నొక్కడమే చాలా బోర్డులను చంపేస్తుంది. తడి ఒక్కటే ఉన్నప్పుడు జరిగే నష్టం తక్కువ, తడి మీద కరెంటు పారితే రాగి గీతలు గంటల్లోనే తుప్పు పట్టి తెగిపోతాయి. చార్జర్ పీకేయండి, వీలైతే అడుగు మూత తీసి బ్యాటరీ కనెక్టర్ విడదీయండి. బియ్యంలో పెడితే లోపలి తేమ పోదు, మరకలు అసలే పోవు. బోర్డు బయటికి తీసి 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, మెత్తని బ్రష్‌తో కడగాలి. అది మీ వల్ల కాకపోతే అదే రోజు టెక్నీషియన్ చేతికి ఇవ్వండి.

ముందు రోగం పేరు తేల్చుకోండి

"ఆన్ కావట్లేదు" అనే ఒక్క మాట కింద నాలుగు వేర్వేరు సమస్యలు దాక్కుని ఉంటాయి. ఒక నిమిషం గమనిస్తే ఏదో తెలిసిపోతుంది.

ఏ లైటూ వెలగదు, ఫ్యాన్ తిరగదు, చార్జర్ పెట్టినా చార్జింగ్ లైటు రాదు. ఇది పవర్ సమస్య. ఎక్కువగా అడాప్టర్, జాక్, బ్యాటరీ, బోర్డు, ఈ నాలుగింటిలో ఎక్కడో ఉంటుంది.

లైటు వెలుగుతుంది, ఫ్యాన్ తిరుగుతుంది, స్క్రీన్ మాత్రం నల్లగా ఉంటుంది. ల్యాప్‌టాప్‌కి పవర్ అందుతోందన్నమాట. ర్యామ్, స్క్రీన్, బయాస్ (ఆన్ చేయగానే అన్నిటికన్నా ముందు నడిచే లోపలి ప్రోగ్రామ్), ఇటువైపు చూడాలి. క్యాప్స్ లాక్ కీ నొక్కి చూడండి. దాని లైటు నొక్కినప్పుడల్లా వెలిగి ఆరుతుంటే యంత్రం లోపల పనిచేస్తూనే ఉంది, బొమ్మ ఒక్కటే మీ దాకా రావట్లేదు. క్యాప్స్ లాక్ స్పందించకపోతే ర్యామ్ దగ్గరే ఆగిపోయి ఉండే అవకాశం ఎక్కువ.

ఆన్ అయి రెండు మూడు సెకన్లలో ఆరిపోతుంది, లేదా తనంతట తానే ఆన్, ఆఫ్ అవుతూ తిరుగుతుంది. ర్యామ్ గానీ, బోర్డు మీద ఎక్కడైనా షార్ట్ (కరెంటు దారి తప్పి నేరుగా కలిసిపోవడం) గానీ, ఏదైనా యూఎస్‌బీ పరికరం గానీ కారణం కావచ్చు. బయట తగిలించినవన్నీ ముందు పీకేయండి: డాక్, పెన్‌డ్రైవ్, మౌస్ రిసీవర్, మెమరీ కార్డు. యూఎస్‌బీ పోర్టు లోపలి పిన్నులు వంగి ఒకదానికొకటి తగులుతున్నాయేమో టార్చి వేసి చూడండి.

కంపెనీ లోగో వచ్చి అక్కడే ఆగిపోతుంది. ఇది పవర్ సమస్య కాదు. హార్డ్‌డిస్కో, ఎస్‌ఎస్‌డీనో, విండోస్ ఫైళ్లో చూసుకోవాలి. దాని చికిత్స వేరు, ఇక్కడ దాని జోలికి పోవడం లేదు.

సాకెట్, అడాప్టర్

సాకెట్‌లో మరేదైనా పెట్టి పనిచేస్తుందో లేదో చూడటం అర నిమిషం పని. ఎక్స్‌టెన్షన్ బోర్డులు, యూపీఎస్‌లు మధ్యలో లేకుండా నేరుగా గోడకి పెట్టండి. అడాప్టర్ ఇటుక నుంచి గోడకి వెళ్లే వైరు విడదీయగలిగేదైతే దాన్ని గట్టిగా నొక్కి పెట్టండి. ఆ జాయింట్ వదులై ఉండటం చాలా మామూలు, దాన్ని ఎవరూ అనుమానించకపోవడమూ అంతే మామూలు.

అడాప్టర్ మీద లైటు ఉంటే అది మీకు మంచి సాక్షి. గోడకి పెట్టగానే వెలిగి, పిన్‌ని ల్యాప్‌టాప్‌లో గుచ్చగానే ఆరిపోతోందా? అయితే ల్యాప్‌టాప్ లోపల, జాక్ దగ్గరో బోర్డు మీదో షార్ట్ ఉండే అవకాశం ఎక్కువ. అడాప్టర్ తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోతోంది. అలా ఆగిన అడాప్టర్ కొన్నిసార్లు గోడ నుంచి పీకి కాసేపు ఆగి పెడితే తప్ప మళ్లీ రాదు. చార్జర్ పాడైందనుకుని కొత్తది కొనేది ఇక్కడే, ఆ కొత్తదీ అలాగే ఆరిపోతుంది.

గుండ్రటి పిన్ ఉన్న అడాప్టర్‌ని మల్టీమీటర్‌తో (వోల్టేజ్, రెసిస్టెన్స్ కొలిచే మీటర్) పరీక్షించడం తేలిక. వెనక లేబుల్ మీద అవుట్‌పుట్ ఎంతో రాసి ఉంటుంది. చాలావాటిలో 19, 19.5 లేదా 20 వోల్టులు. మీటర్‌ని డీసీలో పెట్టండి. రేంజ్ చేత్తో మార్చుకునే మీటర్ అయితే 20 కాదు, 200 వోల్టుల రేంజ్ ఎంచుకోండి. 20 రేంజ్‌లో అలాంటి మీటర్ 19.99 దాకే చూపించగలదు. 20 వోల్టుల మంచి అడాప్టర్‌ని పెట్టినా ఎడమవైపు ఉత్త 1 అంకె చూపించి మిమ్మల్ని తికమక పెడుతుంది. ఎరుపు ప్రోబ్ పిన్ లోపలి గోడకి, నలుపు ప్రోబ్ బయటి గోడకి తగిలించండి. లేబుల్ మీది అంకెకి అర వోల్టు అటూ ఇటూ వస్తే బాగున్నట్టే. అంకె నిలకడగా లేకుండా ఎగిరెగిరి పడుతున్నా, వైరు కదిపితే పోయి వస్తున్నా అడాప్టర్ మార్చాల్సిందే.

డెల్, హెచ్‌పీ అడాప్టర్లలో పిన్ మధ్యలో సూదిలాంటి సన్నని పిన్ ఉంటుంది. అది కరెంటు కోసం కాదు, "నేను ఇన్ని వాట్ల అడాప్టర్‌ని" అని ల్యాప్‌టాప్‌కి చెప్పడానికి. ప్రోబ్ దానికి తగిలితే తప్పు రీడింగ్ వస్తుంది. పొరపాటున ప్రోబ్‌తో దాన్నీ లోపలి గోడనీ కలిపేస్తే గుర్తింపు సర్క్యూట్ చెడిపోవచ్చు. ఆ సన్న పిన్ వంగినా, దాని వైరు లోపల తెగినా ల్యాప్‌టాప్ ఆన్ అవుతుంది గానీ బ్యాటరీ చార్జ్ కాదు, ప్రాసెసర్ నత్తనడక నడుస్తుంది. కొన్నాళ్లకు బ్యాటరీ పూర్తిగా అయిపోయి, అప్పుడు "ఆన్ కావట్లేదు" అనిపిస్తుంది.

మీటర్ సరైన వోల్టేజ్ చూపించినంత మాత్రాన అడాప్టర్ నిర్దోషి అని రాసి ఇవ్వలేం. లోడు లేనప్పుడు, అంటే ఏదీ కరెంటు లాగనప్పుడు, 19.5 చూపించి, లోడు పడగానే కూలిపోయేవి ఉంటాయి. అందుకే అదే వోల్టేజ్, అదే పిన్, అంతకు సమానమైన లేదా ఎక్కువ వాట్లు ఉన్న మరో మంచి అడాప్టర్‌తో ఒకసారి చూడటం అన్నిటికన్నా నమ్మకమైన పరీక్ష. వాట్లు ఎక్కువైతే ప్రమాదం లేదు, ల్యాప్‌టాప్ తనకు కావలసినంతే లాక్కుంటుంది. వోల్టేజ్ మాత్రం సరిపోవాలి. వాట్లు తక్కువైతేనే ఇబ్బంది: 180 వాట్లు కావలసిన గేమింగ్ ల్యాప్‌టాప్‌కి 65 వాట్లది పెడితే ఆన్ కాకపోవచ్చు, ఆన్ అయినా మధ్యలో ఆగిపోవచ్చు.

జాక్‌ని కూడా ఒకసారి చూడండి. పిన్ పెట్టాక అటూ ఇటూ ఊగుతోందా? ఒక కోణంలో పట్టుకుంటేనే లైటు వస్తోందా? జాక్ వదులైందో, దాని సోల్డర్ (లోహపు అతుకు) విరిగిందో అన్నమాట. చాలా మోడళ్లలో జాక్ చిన్న వైరుతో విడిగా ఉంటుంది, అప్పుడు సోల్డరింగ్ లేకుండానే మార్చవచ్చు. బోర్డుకే సోల్డర్ చేసి ఉంటే సోల్డరింగ్ ఐరన్ పట్టాల్సిందే. పిన్ దగ్గర వేడెక్కుతున్నా, కాలిన వాసన వచ్చినా ఇక ఆ చార్జర్ పెట్టకండి.

టైప్-సీ చార్జింగ్ అయితే

ఇక్కడ మల్టీమీటర్ పరీక్ష పనికిరాదు. టైప్-సీ అడాప్టర్ కొసన ఏమీ తగిలించకపోతే వోల్టేజే ఉండదు. ల్యాప్‌టాప్ తగిలాక ముందు 5 వోల్టులు వస్తాయి, తర్వాత రెండూ మాట్లాడుకుని 9, 15, 20 వోల్టుల్లో ఒకదానికి చేరతాయి. చాలా ల్యాప్‌టాప్‌లకు 20 కావాలి. అందుకే ఫోన్ చార్జర్ పెడితే లైటు కూడా రాకపోవచ్చు. అది ల్యాప్‌టాప్ తప్పు కాదు.

కేబుల్ మీద కూడా అనుమానం ఉంచండి. 3 ఆంపియర్లు దాటి, అంటే 20 వోల్టుల దగ్గర 60 వాట్లు దాటి కరెంటు పంపాలంటే కేబుల్ లోపల గుర్తింపు చిప్ ఉండాలి. ఫోన్‌తో వచ్చిన సన్న కేబుల్ వాడితే 100 వాట్ల అడాప్టర్ కూడా 60 వాట్ల దగ్గరే ఆగుతుంది. ల్యాప్‌టాప్‌కి రెండు టైప్-సీ పోర్టులుంటే రెండోదానిలో పెట్టి చూడండి. కొన్నిటిలో ఒక పోర్టే చార్జింగ్ తీసుకుంటుంది. పోర్టులో దుమ్ము ఉండలు కట్టి ప్లగ్గు పూర్తిగా దిగకపోవడమూ ఉంది. ల్యాప్‌టాప్ పూర్తిగా ఆపి, చార్జర్ తీసి, చెక్క పుల్లతో మెల్లగా తీయండి. గుండుసూది పెట్టొద్దు.

వోల్టేజ్ చూపించే చిన్న యూఎస్‌బీ-సీ మీటర్ ఒకటి మధ్యలో పెట్టుకుంటే చాలా సంగతులు బయటపడతాయి. 20 వోల్టులకు ఎక్కి, 1 ఆంపియర్ చుట్టూ లాగుతుంటే చార్జింగ్ జరుగుతోంది, బ్యాటరీ ఖాళీ అయి ఉందంతే. 5 వోల్టుల దగ్గరే నిలిచి, కరెంటు దాదాపు సున్నా అయితే పోర్టు గానీ, దాని కంట్రోలర్ చిప్ గానీ, దాని వెనక బోర్డు గానీ చూడాలి.

బ్యాటరీ పూర్తిగా ఎండిపోయి నెలల తరబడి పక్కన పడి ఉన్న ల్యాప్‌టాప్ అయితే చార్జర్ పెట్టగానే లేవదు. లిథియం సెల్స్ మరీ కిందికి దిగితే బ్యాటరీ లోపలి సర్క్యూట్ దాన్ని నెమ్మదిగా, తక్కువ కరెంటుతో లేపుతుంది. కనీసం గంట చార్జింగ్‌లో వదిలేసి అప్పుడు నొక్కండి. అప్పటికీ లేవకపోతే బ్యాటరీ తనను తాను శాశ్వతంగా మూసేసుకుని ఉండవచ్చు, మార్చాల్సి వస్తుంది.

రీసెట్

ప్రతి ల్యాప్‌టాప్‌లోనూ ఎంబెడెడ్ కంట్రోలర్ అనే చిన్న చిప్ ఉంటుంది. మీరు ఆఫ్ చేసినా అది నిద్రపోదు. పవర్ బటన్ నొక్కారని గమనించేదీ, బోర్డుని లేపేదీ అదే. కరెంటు హఠాత్తుగా పోయినా, స్లీప్‌లోకి వెళ్తూ మధ్యలో ఏదైనా తేడా వచ్చినా అది బిగుసుకుపోతుంది. అప్పుడు అన్ని భాగాలూ బాగున్నా ల్యాప్‌టాప్ చచ్చినట్టే ఉంటుంది. దాన్ని మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టించడమే రీసెట్. ఏ ఖర్చూ లేని పని, డేటాకి ఏ హానీ లేదు. విప్పే ముందు తప్పకుండా చేయాల్సింది ఇదే.

చార్జర్ పీకండి. బ్యాటరీ బయటికి వచ్చే రకమైతే తీయండి. పవర్ బటన్‌ని కదలకుండా 40 సెకన్లు నొక్కి పట్టుకోండి. కంపెనీలు 15, 20, 30, 40 అని రకరకాలుగా చెబుతాయి గనుక 40 అయితే అన్నిటికీ చాలుతుంది. వదిలేసి, బ్యాటరీ లేకుండా చార్జర్ ఒక్కటే పెట్టి మామూలుగా నొక్కి చూడండి. ఆన్ అయితే ఆఫ్ చేసి బ్యాటరీ పెట్టి మళ్లీ చూడండి. బ్యాటరీ పెట్టగానే ఆగిపోతే తప్పు బ్యాటరీదే.

థింక్‌ప్యాడ్‌లలో చాలావాటికి అడుగున పేపర్ క్లిప్ పట్టేంత చిన్న రంధ్రం ఉంటుంది. చార్జర్ తీసి, క్లిప్ కొసతో లోపలి బటన్‌ని కొన్ని సెకన్లు నొక్కాలి. బ్యాటరీ పీకి పెట్టినట్టే అవుతుంది.

ఆపిల్ చిప్ ఉన్న మ్యాక్‌బుక్‌లలో పవర్ బటన్ 10 సెకన్లు నొక్కి వదిలి, మళ్లీ మామూలుగా నొక్కితే చాలు. టీ2 చిప్ ఉన్న ఇంటెల్ మ్యాక్‌బుక్‌లలో కుడి షిఫ్ట్, ఎడమ కంట్రోల్, ఎడమ ఆప్షన్ కీలను 7 సెకన్లు పట్టుకుని, అవి వదలకుండానే పవర్ బటన్ కూడా కలిపి మరో 7 సెకన్లు పట్టుకోవాలి. వదిలాక కాసేపు ఆగి ఆన్ చేయండి. ఇవి పనిచేయకపోతే మరో మ్యాక్‌కి కేబుల్‌తో కలిపి డీఎఫ్‌యూ అనే రికవరీ పద్ధతిలో ఫర్మ్‌వేర్‌ని (చిప్‌లలోనే ఉండే ప్రోగ్రామ్) రివైవ్ చేయవచ్చు, అంటే మళ్లీ ఎక్కించవచ్చు. రివైవ్ డేటాని ముట్టుకోదు. దాని పక్కనే ఉండే రీస్టోర్ మాత్రం అన్నీ తుడిచేస్తుంది. నొక్కే ముందు రెండుసార్లు చదవండి.

లైట్లు ఏం చెబుతున్నాయో లెక్కపెట్టండి

లైటు మెరుస్తోందంటే ల్యాప్‌టాప్ తన జబ్బు తానే చెబుతోంది. డెల్‌లో అంబర్ (నారింజ-పసుపు) రంగు ఎన్నిసార్లు, ఆ తర్వాత తెలుపు ఎన్నిసార్లు మెరుస్తోందో లెక్కపెట్టండి. కొత్త మోడళ్లలో 2 అంబర్, 3 తెలుపు అయితే ర్యామ్ కనిపించట్లేదని. 2, 4 అయితే ర్యామ్‌లో లోపమని. 2, 7 అయితే స్క్రీన్. 3, 1 అయితే లోపలి కాయిన్ బ్యాటరీ. 2, 1 ప్రాసెసర్‌ని చూపిస్తుంది, అది వస్తే ఇంట్లో చేసేదేమీ పెద్దగా ఉండదు. హెచ్‌పీలో క్యాప్స్ లాక్ దగ్గర చూడాలి. 3 సార్లు నెమ్మదిగా, 2 సార్లు వేగంగా మెరిస్తే ర్యామ్ దగ్గర ఆగిందని అర్థం. మోడల్‌ని బట్టి కోడ్‌లు మారుతుంటాయి గనుక మీ మోడల్ మాన్యువల్‌తో సరిచూసుకోండి. ఫోన్‌తో వీడియో తీసి నిదానంగా చూస్తే లెక్క తప్పదు.

డెల్‌లో ఇంకో సౌకర్యం ఉంది. ఎం కీ పట్టుకుని పవర్ నొక్కితే బోర్డు తనను తాను పరీక్షించుకుంటుంది, లోపం ఉంటే అంబర్ లైటు వెలుగుతుంది. డీ కీ పట్టుకుని పవర్ నొక్కితే స్క్రీన్ రంగులు మార్చి చూపిస్తుంది. రంగులు శుభ్రంగా వచ్చాయంటే ప్యానెల్ బాగున్నట్టే.

బయాస్ అప్‌డేట్ మధ్యలో ఆగిపోయి ఆ తర్వాత నల్లబడిన యంత్రమైతే రికవరీ పద్ధతి ప్రయత్నించండి. హెచ్‌పీలో విండోస్ కీ, బీ కీ కలిపి పట్టుకుని పవర్ బటన్ రెండు మూడు సెకన్లు నొక్కి, పవర్ వదిలి ఆ రెండు కీలు మాత్రం పట్టుకునే ఉండాలి. డెల్‌లో కంట్రోల్, ఎస్కేప్ పట్టుకుని చార్జర్ గుచ్చాలి. స్క్రీన్ మీద ఏదైనా కదలిక వచ్చాక దానంతట అది పూర్తయ్యేదాకా చేయి పెట్టకండి.

లైటు ఉంది, బొమ్మ లేదు

గది చీకటి చేసి, టార్చిని స్క్రీన్‌కి దగ్గరగా ఏటవాలుగా పట్టండి. మసకగా లోగోనో, లాగిన్ పెట్టెనో కనిపిస్తే బ్యాక్‌లైట్ పోయింది, మిగతా అంతా బాగుంది. ఏమీ కనిపించకపోతే హెచ్‌డీఎంఐతో టీవీకో మానిటర్‌కో కలపండి. అక్కడ బొమ్మ వస్తే ప్యానెల్ గానీ, మూత మడత దగ్గర నలిగే డిస్‌ప్లే కేబుల్ గానీ. మూత తెరిచే కోణం మారినప్పుడల్లా బొమ్మ వచ్చి పోతుంటే కేబుల్ అనే దాదాపు ఖాయం చేసుకోవచ్చు. విండోస్ నడుస్తున్నట్టు అనిపిస్తే విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బీ నాలుగూ కలిపి నొక్కండి. గ్రాఫిక్స్ డ్రైవర్ మళ్లీ మొదలవుతుంది.

చాలామంది ఊహించని కారణం ఒకటుంది: అయస్కాంతం. మూత మూశారో లేదో తెలుసుకోవడానికి ల్యాప్‌టాప్‌లో అయస్కాంతాన్ని పసిగట్టే సెన్సర్ ఉంటుంది. అరచేయి ఆనించే చోట అయస్కాంతపు బకిల్ ఉన్న వాచీ పట్టీ తగిలినా, ల్యాప్‌టాప్‌ని మరో ల్యాప్‌టాప్ మీద పెట్టి తెరిచినా మూత మూసేశారనుకుని స్క్రీన్ ఆర్పేస్తుంది. ఒంటరిగా బల్ల మీద పెట్టి, చేతికి ఉన్నవి తీసి చూడండి.

విప్పాల్సి వస్తే

వారంటీ మిగిలి ఉంటే ఇక్కడే ఆగి కంపెనీ సర్వీస్‌కి ఇవ్వండి. లేకపోతే చిన్న ప్లస్ స్క్రూడ్రైవర్ చాలావాటికి సరిపోతుంది. మ్యాక్‌బుక్‌లకు అయిదు రేకుల పెంటలోబ్, కొన్నిటికి టార్క్స్ టీ5 కావాలి. తీసిన స్క్రూలను కాగితం మీద ల్యాప్‌టాప్ ఆకారం గీసి, ఏది ఎక్కడిదో అక్కడే పెట్టుకోండి. ఇది చాదస్తం కాదు. పొడుగు స్క్రూని పొట్టి స్క్రూ రంధ్రంలో బిగిస్తే దాని కొస బోర్డు పొరల్లోకి దిగబడి గీతలను తెంపేస్తుంది. అలా చచ్చిన బోర్డుని బాగుచేయడం చాలా కష్టం.

మూత తీయగానే మొదటి పని బ్యాటరీ కనెక్టర్ విడదీయడం. ప్లాస్టిక్ పనిముట్టుతో, వైర్లు పట్టి లాగకుండా. బ్యాటరీ ఎక్కడైనా ఉబ్బి దిండులా కనిపిస్తే దాన్ని నొక్కకండి, గుచ్చకండి, మళ్లీ చార్జ్ చేయకండి. బయటికి తీసి ఈ-వేస్ట్ కేంద్రానికి ఇవ్వండి. బ్యాటరీ విడదీశాక చార్జర్ ఒక్కదానితో నొక్కి చూడండి. అన్ని మోడళ్లూ కాకపోయినా చాలావి బ్యాటరీ లేకుండా ఆన్ అవుతాయి.

తర్వాత ర్యామ్. చార్జర్ పీకి, బ్యాటరీ విడిచి ఉందని మరోసారి చూసుకోండి. ఏదైనా లోహాన్ని ముట్టుకుని ఒంట్లోని స్టాటిక్ వదిలించుకోండి. ర్యామ్‌కి రెండు పక్కల ఉన్న క్లిప్పులు బయటికి జరిపితే అది దానంతట అదే ఏటవాలుగా లేస్తుంది. బంగారు పూత అంచుని ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన గుడ్డతో ఒకే వైపుకి తుడవండి. రబ్బరుతో రుద్దే అలవాటు చాలామందికి ఉంది. అది మరకని వదిలిస్తుంది నిజమే, పూతనీ అరగదీస్తుంది, పొడి స్లాట్‌లో పడుతుంది. ఆల్కహాల్ ఉంటే రబ్బరు అవసరం లేదు. మళ్లీ పెట్టేటప్పుడు ఏటవాలుగా లోపలికి గట్టిగా నెట్టాలి. బంగారు అంచు దాదాపు కనిపించకుండా పోవాలి. అప్పుడు కిందికి నొక్కితే రెండు క్లిప్పులూ టిక్కుమని పట్టుకుంటాయి. సగమే దిగిన ర్యామ్ కూడా క్లిప్పుల్లో కూర్చుంటుంది, పనిచేయదు.

రెండు స్టిక్‌లు ఉంటే ఒక్కటే పెట్టి చూడండి. పనిచేయకపోతే అదే స్టిక్‌ని రెండో స్లాట్‌లో. తర్వాత రెండో స్టిక్‌తో అలాగే. నాలుగు కలయికలూ చూస్తే స్టిక్ తప్పా, స్లాట్ తప్పా తేలుతుంది. ఇక్కడ ఓపిక కావాలి: డీడీఆర్5 ర్యామ్ ఉన్న యంత్రాలు ర్యామ్ మార్చాక మొదటిసారి దాన్ని సర్దుబాటు చేసుకోవడానికి కొన్ని నిమిషాలు నల్ల స్క్రీన్‌తోనే ఉంటాయి. పావు గంట దాకా బటన్ ముట్టుకోకండి. మధ్యలో ఆపితే మళ్లీ మొదటి నుంచి. ర్యామ్ బోర్డుకే సోల్డర్ చేసి ఉంటే ఈ అడుగు దాటేయండి.

నాణెంలాంటి 3 వోల్టుల బ్యాటరీ ఉంటే మీటర్‌తో చూడండి. 2.5 కన్నా తక్కువైతే మార్చేయండి. దాన్ని తీసి అయిదు నిమిషాలు ఆగి పెడితే కొన్ని మోడళ్లలో బయాస్ సెట్టింగులు కూడా మొదటికి వస్తాయి. ఎస్‌ఎస్‌డీ, వైఫై కార్డు తీసి ఒకసారి నొక్కండి. ఎస్‌ఎస్‌డీ చెడిపోయినంత మాత్రాన లోగో రాకుండా పోదు. కానీ అది లోపల షార్ట్ అయితే 3.3 వోల్టుల లైను మొత్తాన్ని కిందికి లాగేసి యంత్రాన్ని లేవనివ్వదు.

పవర్ బటన్ చిన్న రిబ్బన్ కేబుల్‌తో బోర్డుకి కలుస్తుంది. దాని లాకు తీసి, తిన్నగా పెట్టి మళ్లీ బిగించండి. కీబోర్డులోనే పవర్ కీ ఉన్న మోడళ్లలో కీబోర్డు చెడిపోతే ల్యాప్‌టాప్ ఆన్ కాదు, లేదా ఆన్ అయి వెంటనే ఆరిపోతుంది. అలాంటప్పుడు బోర్డుని నిందించి లాభం లేదు.

అన్నీ బిగించి బ్యాటరీ కలిపాక పవర్ నొక్కితే మళ్లీ నిశ్శబ్దమే ఎదురైతే కంగారు పడకండి. చాలా మోడళ్లలో బ్యాటరీ విడదీసి కలిపాక ఒకసారి చార్జర్ గుచ్చితే తప్ప అది మేల్కొనదు.

బోర్డు దగ్గరికి వచ్చాక

చార్జర్, బ్యాటరీ రెండూ తీసి, జాక్ ప్లస్‌కీ గ్రౌండ్‌కీ (మైనస్ వైపు) మధ్య రెసిస్టెన్స్ చూడండి. సున్నాకి దగ్గరగా ఉంటే జాక్ గానీ, దాని పక్కనే ఉన్న కెపాసిటర్ గానీ షార్ట్ అయింది. షార్ట్ లేకపోతే తర్వాతి చోటు జాక్ వెనకే ఉండే రెండు మాస్‌ఫెట్‌లు, అంటే కరెంటుని స్విచ్‌లా వదిలే, ఆపే భాగాలు. చార్జర్ పెట్టినప్పుడు మొదటిదాని దాకా 19 వోల్టులు వచ్చి రెండోదాని అవతల లేకపోతే, చార్జింగ్ చిప్ వాటిని తెరవట్లేదు. తెరిచినా లాభం లేదంటే, బటన్ నొక్కక ముందే ఉండాల్సిన 3.3, 5 వోల్టుల స్టాండ్‌బై లైన్లు చూస్తారు.

కొత్తగా మీటర్ పట్టినవాళ్లు ఒక చోట తప్పకుండా పొరబడతారు. ప్రాసెసర్ పక్కన ఉన్న కాయిళ్ల మీద గ్రౌండ్‌కి రెసిస్టెన్స్ కొలిస్తే చాలా తక్కువ, కొన్ని ప్రాసెసర్లలో ఒక ఓమ్ కన్నా తక్కువ వస్తుంది. అది షార్ట్ కాదు, ప్రాసెసర్ స్వభావమే అంత. 19 వోల్టుల లైను మీద అదే రీడింగ్ వస్తే మాత్రం షార్ట్.

ప్రధాన లైను షార్ట్‌కి ఎక్కువగా కనిపించే కారణం సెరామిక్ కెపాసిటర్, బియ్యపు గింజకన్నా చిన్నది. ల్యాబ్ పవర్ సప్లైతో 1 వోల్టు పంపి, బోర్డు మీద ఆల్కహాల్ రాస్తే షార్ట్ అయిన భాగం వేడెక్కి అక్కడి తడి ముందు ఆరిపోతుంది. ఈ పని చేసేవాళ్లు దాన్ని తీసేస్తే చాలాసార్లు యంత్రం లేచి కూర్చుంటుంది. షార్ట్ ఏ లైను మీద ఉందో తెలియకుండా వోల్టేజ్ పంపితే ప్రాసెసర్ పోవచ్చు, కాబట్టి సర్క్యూట్ డయాగ్రమ్ చదవడం రానివాళ్లు ఇది చేయకూడదు. హీట్ గన్‌తోనో ఒవెన్‌లోనో బోర్డుని వేడి చేస్తే కొన్ని రోజులు పనిచేయవచ్చు. ఆ తర్వాత బాగుచేయడానికి కూడా పనికిరాకుండా పోతుంది.

ఇచ్చే ముందు

డేటా ముఖ్యమైతే రిపేరు కన్నా ముందు దాన్ని బయటికి తీయండి. ల్యాప్‌టాప్ లేవకపోయినా చాలాసార్లు ఎస్‌ఎస్‌డీ క్షేమంగానే ఉంటుంది. ఎం.2 రకమైతే (సన్నని పలకలా స్లాట్‌లో గుచ్చుకునేది) యూఎస్‌బీ కేసులో పెట్టి మరో కంప్యూటర్‌కి కలపవచ్చు. వీటిలో ఎన్‌వీఎంఈ, శాటా అని రెండు రకాలు, వాటి కేసులు వేరు. అంచులో ఒకే గాటు ఉంటే చాలావరకు ఎన్‌వీఎంఈ, రెండు గాట్లు ఉంటే చాలావరకు శాటా. ఎస్‌ఎస్‌డీ మీది లేబుల్‌తో నిర్ధారించుకోండి, లేదా రెండూ పట్టే కేసు కొనండి. బిట్‌లాకర్ (డిస్కుకి విండోస్ వేసే తాళం) ఉంటే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది; మైక్రోసాఫ్ట్ ఖాతాతో విండోస్ వాడుతుంటే ఆ ఖాతాలో చూడండి. స్టోరేజీ బోర్డుకే అతికించి ఉన్న మ్యాక్‌బుక్‌లలో ఈ దారి లేదు, డేటా కావాలంటే బోర్డునే బతికించాలి. ఆ మాట టెక్నీషియన్‌కి ముందే చెప్పండి.

చెప్పేటప్పుడు "ఆన్ కావట్లేదు" అని ఊరుకోకండి. అడాప్టర్ వోల్టేజ్ ఎంత వచ్చింది, గుచ్చగానే దాని లైటు ఆరిందా, ఏ లైటు ఎన్నిసార్లు మెరిసింది, బ్యాటరీ లేకుండా చూశారా, ర్యామ్ మార్చి చూశారా, ఎప్పుడైనా తడిసిందా, ఇవి ఒక చీటీ మీద రాసి ల్యాప్‌టాప్‌తో పాటు ఇవ్వండి. తడిసిన సంగతి మాత్రం దాచకండి. అది తెలిస్తే బోర్డుకి కరెంటు పెట్టకముందే కడుగుతారు.